సుంకం కట్టని బస్తా

జనవరి 20, సోమవారం

లారీలు వచ్చేశాయి. టాంజానియా జీడిపిక్కలు. విశాఖ పోర్టు నుంచి నేరుగా కొత్తవలసలో మా గోదాముకి. దించడం మొదలుపెట్టేముందు విక్టర్ బావ అందరినీ నిలబెట్టి ప్రార్థన చేయించాడు. ఆమెన్ అన్నాక కూడా నాకు కళ్లు తెరవబుద్ధి కాలేదు.

ఇది మామూలు గోదాము కాదు. కస్టమ్స్ లైసెన్సున్న బాండెడ్ గోదాము. పోయినేడు వరకూ సరుకు పోర్టులో దిగగానే మొత్తానికీ సుంకం కట్టాల్సి వచ్చేది. ఒక్క పిక్క ఒలవకముందే చేతిలో డబ్బంతా అక్కడే ఊడ్చుకుపోయేది. వేసవికి మా జీడిపప్పు ఫ్యాక్టరీ మూత. ఇప్పుడలా కాదు. సుంకం కట్టకుండానే సరుకు ఇక్కడ ఉంచుకోవచ్చు. ఎన్ని బస్తాలు బయటకి తీస్తే వాటికే కట్టాలి. మూడు నెలలదాకా వడ్డీ కూడా లేదు. పప్పు అమ్ముకుంటూ సుంకం కట్టుకుంటూ పోవచ్చు. పిక్కలు కొట్టే ఆడవాళ్లకి ఏడాది పొడుగునా పని ఉంటుందని షీబా అక్క ఒకటే సంబరం.

షరతు ఒక్కటే. సుంకం కట్టకుండా ఏదీ గుమ్మం దాటకూడదు. దాటితే లైసెన్సు పోతుంది, కేసు పడుతుంది. బావ మీద, గోదాము కీపర్‌గా సంతకం పెట్టిన నా మీద. ఎచ్చెర్లలో నన్ను ఎం.కాం. చదివించింది బావే. పెట్టమన్నచోట పెట్టాను.

జనవరి 23

గోదాము తాళంచెవి దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాను. అక్క నవ్వుతోంది. నవ్వనీ.

జనవరి 31, శుక్రవారం

బావ తాళంచెవి అడిగాడు. రేకుల్లోంచి సెమ్మ దిగుతందేమో సూసొస్తాను, పిక్కలు బూజట్టీసాయంటే ఏటయిపోతాం అన్నాడు. నేనూ వస్తానన్నాను. ఒసే, నా గోదాముకి నానెల్తే నువ్వు కాపలా ఏటే అని నవ్వాడు. ఇచ్చేశాను. ఆయన గోదామే కదా.

ఫిబ్రవరి 1, శనివారం

ఒక బస్తా లేదు.

వరసలన్నీ మళ్లీ లెక్కపెట్టాను. లేదు. వచ్చేవారం కస్టమ్స్ ఆఫీసరు పద్మకుమారి మేడం తనిఖీకి వస్తోంది. నేను సంతకం పెట్టిన పుస్తకంలో ఒక లెక్క, గోదాములో ఒక లెక్క. జైలుకెళితే అక్కడ ఎలా పడుకుంటారో అని కూడా ఆలోచించాను. పిరికిదాని ఆలోచనలు ఇలాగే ఉంటాయి.

వాచ్‌మన్ అసిరయ్యని నిలదీశాను. చాలా మాటలన్నాను. పైడితల్లి మీద ఒట్టమ్మా, నానెరగను, పిక్కలు నానేటి సేసుకుంతానమ్మా అని ఏడ్చాడు. తండ్రి వయసు మనిషి. బావ పేరు నాకు తట్టలేదు. తట్టనివ్వలేదు అని రాయాలి, నిజానికి.

ఫిబ్రవరి 2, ఆదివారం

చర్చిలో కోత పండుగ. వేదిక ముందు వరి కంకులు, చెరకు గడలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. వాటి మధ్య మా బస్తా. మెళ్లో బంతిపూల దండ, పొట్ట మీద టాంజానియా నంబరు.

విక్టర్ గారి ప్రథమ ఫలం అని పాస్టరుగారు చెబుతుంటే అందరూ చప్పట్లు. పక్కకి లాగి బావ చెవిలో చెప్పాను, దీనికి సుంకం కట్టలేదని. మొదటి పంట దేవుడిది కాదేటి, ఆ తరవాతేగదే గవర్నమెంటు అన్నాడు. మనస్ఫూర్తిగా అన్నాడు, అదే నా ఖర్మ. శుక్రవారమే చెప్పి ఉంటే కాగితం పెట్టి, ఆ ఒక్క బస్తాకి సుంకం కట్టి, దర్జాగా చర్చికి తెచ్చేవాళ్లం. చీర ఖరీదు కూడా అయ్యేది కాదు.

వేలం మొదలైంది. నేను పాడాను. సిమెంటు షాపు ఎలీషాగారు పైకి పాడారు. ఆయనకి అది భక్తి, నాకు ప్రాణం. నా ఫోన్లో ఉన్నదంతా పెట్టి గెలిచాను. మా సంఘంలో ఒక ఆచారం ఉంది. గెలిచినవాళ్లు వస్తువుని మళ్లీ దేవుడికే ఇచ్చేస్తారు, మళ్లీ వేలం వేస్తారు. అందరూ నావైపు చూస్తున్నారు. పాస్టరుగారు చేయి చాపారు. నేను బస్తాని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. ఇవ్వలేదు. దీవెన మీద ఎంత ఆశో సూసేవా అని వెనక ఎవరో అన్నారు. అక్క తల దించుకుంది.

ఫిబ్రవరి 3, సోమవారం, ఉదయం 6

ఆటోలో తెచ్చి వరసలో పెట్టేశాను. బయటకి తీయడమే తప్పయితే, చెప్పకుండా లోపల పెట్టడం ఇంకో తప్పు. అది నాకు తెలుసు. దేవుడికిచ్చింది వెనక్కి తెచ్చుకుంటే ఏమవుతుందో మాత్రం తెలియదు. ప్రార్థన చేద్దామని కూర్చున్నాను. చేయలేక, లేచి బస్తాలు ఇంకోసారి లెక్కపెట్టాను.

ఫిబ్రవరి 5, బుధవారం

మేడం వచ్చింది. వరస వెంట వరస చూసింది. ఆ బస్తా దగ్గర ఆగింది. కుట్టులో ఇరుక్కున్న బంతిరేకు ఒకటి తీసి, ఏంటి, పూజలు కూడా చేస్తున్నారా అని అడిగింది. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. నిజం చెప్పేయాలనే నోరు తెరిచాను. మా అసిరయ్య భక్తుడు మేడం, సరుకు దిగగానే పూజ చేసుకున్నాడు అని వచ్చింది. తడబడకుండా వచ్చింది. మేడం నవ్వింది. గోదాము ఇలా ఉంచాలి, కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్లని చూసి నేర్చుకోమని మీ దగ్గరికి పంపిస్తాను అని మెచ్చుకుని సంతకం పెట్టింది.

అసిరయ్య గుమ్మం దగ్గరే ఉన్నాడు. అంతా విన్నాడు.

సాయంత్రం బావ ఒకటే పొగడ్త. ఎంత సక్కగా సెప్పీసేవే మరదలా, నీకు బయమని ఎవులంతారు అన్నాడు.

ఫిబ్రవరి 6

అసిరయ్య పనికి వస్తున్నాడు. నా మొహం చూడటం మానేశాడు.

ఫిబ్రవరి 12

బావ తాళంచెవి అడిగాడు. పది బస్తాలట. నెల్లిమర్ల వ్యాపారికి అర్జెంటట, సుంకం తరవాత సూసుకుందామట. ఈసారి దేవుడి పేరెత్తలేదు. మేడం అడిగితే మొన్నట్లాగే ఏదోటి సెప్పీ, నీకొచ్చుగదా అన్నాడు. మోయడానికి అసిరయ్యని పిలవమన్నాడు.

పిలిచాను.