ఆయన ఎంచుకున్న కుక్కపిల్ల

ఆదివారం, హిందూపురం

నా రాత వంకర, తప్పులు కూడా ఉంటాయి, మన్నించాలి.

ఈరోజు ధర్మవరంలో బుల్‌డాగ్ పిల్లను ఎంచుకోవడానికి మా ఆయనకు గంట పట్టింది. ముక్కురంధ్రాలు వెడల్పుగా ఉన్నాయా అని చూశాడు. చెవి ఆనించి ఊపిరిలో గురక ఉందేమో విన్నాడు. నడిపించి కాళ్లు చూశాడు. నేనేమో మా నాయన కోడెదూడను చూసినట్టు దాని నుదుట సుడి వెతికాను.

"ఏమే, ఇదేమన్నా ఎద్దా, సుడి చూస్తాండావు?" అని నవ్వాడు.

అత్త ఫోన్‌లో "తెల్లది తీసుకోరా" అంది.

"నాకు నచ్చిందే తెస్తానమ్మా" అన్నాడు.

పెళ్లిచూపుల్లో నావైపు తలెత్తకుండా "మాయమ్మకు నచ్చితే సరే" అన్నది ఈయనే.

ఈ పేజీ దొరికినవాళ్లు పొయ్యిలో వేయండి. ఆయనకు మాత్రం చూపించొద్దు.