మూత తీయని సీసాలు

ప్రియమైన డాక్టరమ్మకి,

నర్సువని నాకూ తెలుసు. ఈ ఇంటికి మాత్రం నువ్వే డాక్టరువి, కాదనకు.

నువ్వు వెళ్తూ వెళ్తూ నాటిన తీగ బీన్స్ విరగకాశాయి. పొద్దున కోస్తే సాయంత్రానికి మళ్ళీ వేలాడుతున్నాయి. పక్కింటికి ఇచ్చాను, ఎదురింటికి ఇచ్చాను, కొలతలు ఇవ్వడానికి కొట్టుకి వచ్చిన వాళ్ళ సంచుల్లో వాళ్ళకి తెలియకుండా కూడా వేశాను. ఇప్పుడు నన్ను చూస్తే వీధిలో తలుపులేసుకుంటున్నారు.

అందుకని సీసాల్లో నిల్వ పెట్టేశాను. నవ్వకు. నువ్వు టమాటాలు పెట్టేటప్పుడు పక్కన నిలబడి చూసినవాణ్ణే కదా. ఆవిరి ఒత్తిడి చూపే ముల్లున్న ఆ పెద్ద కుక్కరు రబ్బరు చిరిగిపోయింది, బజార్లో ఆ సైజు లేదన్నారు. పోనీలే అని టమాటాల గిన్నెలోనే నీళ్ళు మరగబెట్టి, సీసాలు ముంచి, నువ్వు ఉంచేదానికి రెట్టింపు సేపు ఉంచాను. బీన్స్ గట్టివి కదా అని నా సొంత తెలివి. చల్లారుతుంటే మూతలు ఒక్కొక్కటే టక్కుమని బిగుసుకున్నాయి. కుట్టిన కోటు మొదటిసారికే సరిపోతే ఎంత హాయిగా ఉంటుందో, అలా ఉంది నాకు.

అమ్మ మామూలే. ఇల్లు వదిలి ఆ ఆనకట్ట పనుల దగ్గర ఉద్యోగమేమిటని, నువ్వు బయల్దేరిన రోజు గదిలో తలుపేసుకున్న మనిషి ఇప్పటికీ నీ పేరెత్తదు. నేనెత్తితే కిటికీలోకి చూస్తుంది. సీసాలు మాత్రం వచ్చి ఒక్కొక్కటీ తట్టి చూసింది. "ఎవరికిచ్చినా ఖాళీ సీసా నాకు తిరిగి రావాలి" అని ఆర్డరేసింది. ఒక్క సీసా తిరిగివ్వలేదని ఎదురింటావిడతో ఏడాది మాట మానేసిన ఘనత ఆమెది, నీకు తెలియనిదేముంది.

వారానికోసారే లారీ అన్నావు. దీనికి జవాబు ఆ లారీకే రాయి.

నీ టైలరు

*

ప్రియమైన డాక్టరమ్మకి,

నీ జవాబు రాలేదు. అక్కడ వానలని విన్నాను. తల తడవనివ్వకు.

ఇక్కడ ఒక తమాషా. అల్మరాలో సీసాలు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. అడిగితే అమ్మ "నీకెందుకు?" అంటుంది. నాకర్థమైందిలే. చల్లటి బీన్స్ సీసాలోంచే చెంచాతో తినడం ఆమెకి ఎంతిష్టమో నువ్వెరుగుదువు. గదిలో పెట్టుకుని నాకు చెప్పకుండా లాగిస్తోంది. నీ మీద పంతం ఉంది గానీ నీ బీన్స్ మీద లేదు.

కొట్లో నేను కత్తిరించి పడేసే గుడ్డముక్కలు కూడా మాయమవుతున్నాయి. ఎలుకలేమో. పిల్లిని తేవాలి.

నువ్వు లేక ఇల్లు బోసిగా ఉంది. ఈ మాట అమ్మతో అంటే "నాకేం లేదు" అని, నీ కుర్చీలో కూర్చుంది.

నీ టైలరు

*

ఏమండీ,

ముందు అత్తయ్య దగ్గరకి వెళ్ళి ఆ సీసాలన్నీ తీసేయండి. మిగతాది తర్వాత చదవండి.

దారి తెగి, మీ రెండు ఉత్తరాలూ ఇవాళే ఒక్కసారిగా అందాయి. ఫోను తీగలు కూడా తెగాయి. లేకపోతే ఈపాటికి వీధంతా లేచేలా అరిచేదాన్ని.

టమాటాల్లో పులుపుంటుంది, అది చాలదని నేను నిమ్మరసం కూడా పిండుతాను. ఆ పులుపులో విషం పుట్టించే క్రిమి పెరగదు. బీన్స్‌లో పులుపు లేదు. ఎంతసేపు మరగనిచ్చినా మరిగే నీళ్ళ వేడికి ఆ క్రిమి బీజం చావదు, కుక్కరులో బిగించిన ఆవిరికే చస్తుంది. గాలి తగలని సీసాలో కూర్చుని విషం తయారుచేస్తుంది. వాసన రాదు, రుచి మారదు. మూత పొంగలేదు కదా అని ధైర్యం చెప్పుకోకండి. ఆ పెద్ద కుక్కరు నేను తొందరకోసం పెడుతున్నానని మీరనుకుని ఉంటారు.

ఆవిడకి ఒకటి రెండుగా కనబడినా, మాట ముద్దగా వచ్చినా, మింగడం కష్టమైనా ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఏం తిన్నారో డాక్టరుకి చెప్పండి. సీసాలు ఒక్కటీ తెరవొద్దు. తోటకి దూరంగా లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టండి. కుక్కరు ఎలా వాడాలో వెనక పేజీలో రాశాను. కొత్త రబ్బరు దొరికేదాకా బీన్స్ ఏ రోజువి ఆ రోజే వండుకోండి, పంచండి, పారేయండి.

ఇన్నాళ్ళూ ఆవిడ తలుపు తీయలేదని కోపంగా ఉండేది. ఇప్పుడు నన్ను నిలబెట్టి తిట్టినా చాలు, ఆ గొంతు వినబడితే చాలు.

మీ
డాక్టరమ్మ

*

ఏమండీ,

లారీ వచ్చింది. మీ ఉత్తరం లేదు. డ్రైవరుని అడిగితే నా ఉత్తరం మీ చేతికే ఇచ్చాననీ, మీరు చదువుతూనే కొట్టు తలుపులు తెరిచిపెట్టి లోపలికి పరుగెత్తారనీ చెప్పాడు. ఆ తర్వాతేమైంది?

వచ్చేద్దామంటే ఇక్కడ కూలీలకి జ్వరాలు, నర్సుని నేనొక్కదాన్నే. ఆవిడకేమన్నా అయితే ఆ ఇంట్లో అడుగెలా పెట్టను? ఒక్క ముక్క రాయండి. మంచిదైనా, చెడ్డదైనా.

మీ
డాక్టరమ్మ

*

ప్రియమైన డాక్టరమ్మకి,

ముందు అసలు మాట. అమ్మ బాగుంది. ఒక్క సీసా మూత కూడా తీయలేదు.

మెడలో టేపుతోనే ఆమె గదిలోకి పరుగెత్తాను. మంచం కింద నుంచి పెట్టె లాగితే సీసాలన్నీ అందులోనే ఉన్నాయి. ఒక్కోదానికీ నా గుడ్డముక్కలు చుట్టి, సందుల్లో గడ్డి కుక్కి పెట్టింది. పాపం ఎలుకలు.

"ఎవరికమ్మా ఇవన్నీ?" అన్నాను.

"దానికి. కొండల్లో డబ్బా తిండి తింటోందన్నావుగా. పెట్టె నిండాక లారీకి వేద్దామని."

నీ ఉత్తరం చదివి వినిపించాను. అమ్మ అలాగే మంచం మీద కూర్చుండిపోయింది. "దానికి పంపేదాన్నిరా. నా చేత్తో పంపేదాన్ని" అంది. అది నర్సు, చూడగానే కనిపెట్టేదిలే అని సర్దిచెప్పబోయాను. "నేను పంపిన దాన్ని అది అనుమానించదు" అంది.

గొయ్యి తీశాను. ఒక్క సీసా కోసం ఏడాది మాట మానేసిన మనిషి, అన్ని సీసాలూ గోతిలో వేస్తుంటే ఒక్కటి కూడా ఉంచమనలేదు. తనే మట్టి లాగింది.

ఆ వారం లారీకి ఉత్తరం వేయనివ్వలేదు. పట్నం నుంచి కుక్కరు రబ్బరు తెప్పించి, చివరి కోత బీన్స్ పెట్టేదాకా ఆగమంది. అది భయపడుతుందే అంటే, "సీసాలు చూస్తే పోతుందిలే" అంది. ఆమె మాట విని నిన్నంత ఏడిపించాను. నువ్వు ఎన్ని తిట్టినా పడతాను.

కింద తనే రాస్తానంటోంది. కలం ఇస్తున్నాను.

నీ టైలరు

కోడలికి,

ఇవి కుక్కరులో పెట్టినవే. నువ్వు రాసినట్టే చేశాను. ముల్లు దిగకుండా పొయ్యి దగ్గరే కూర్చున్నాను. అయినా బాగా మరగబెట్టుకునే తిను. ఉప్పు తక్కువేశాను, నీకు ఎక్కువ పడదు. మీ ఆయన పక్కనుంచి ఏదో రాయమంటున్నాడు, నేను వినడం లేదు.

ఖాళీ సీసాలు నాకు తిరిగి రావాలి. లారీవాడి చేతికివ్వకు, పగలగొడతాడు. జ్వరాలు తగ్గాక నువ్వే పట్టుకురా. ఈసారి తలుపు దగ్గరే ఉంటాను.

మీ అత్తయ్య