కుడివైపు బాక్సు

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ప్రార్థనకు వచ్చినవాళ్లు భోంచేసి వెళ్లాక, నీకిష్టమైన కీర్తనలు ల్యాప్‌టాప్ నుంచి నీ ఆంప్లిఫయర్‌లో పెడదామని కూర్చున్నాను. బుద్ధి తక్కువై కూర్చున్నాను. దాని వెనక అన్ని సాకెట్లున్నాయా, ఒక్కదాని మీదా పేరు కనబడదు. ముత్తుకూరు ఉప్పుగాలి తినేసింది. చివరికి పాటొచ్చింది, నీ కుర్చీ పక్కనున్న ఎడమ స్పీకర్ బాక్సులోంచి మాత్రమే. కేబుల్ మార్చాను, వైర్లు ఊడదీసి బిగించాను, ల్యాప్‌టాప్ సెట్టింగులన్నీ గెలికాను. కుడి బాక్సు కిక్కురుమనలేదు. సాయంత్రానికి కనబడింది: ఏ బాక్సు ఎంత పలకాలో చెప్పే నాబ్‌ను నువ్వు పూర్తిగా ఎడమకు తిప్పి పెట్టావు. మధ్యకు తెచ్చాను.

కుడి బాక్సు పక్క మంచం మీద పడుకున్న అమ్మ లేచి కూర్చుంది. "నా తలనొప్పికని మీ నాయన దాని నోరు మూసినాడు. నువ్వెందుకు తెరిచినావు?"

"మధ్యాహ్నం నుంచి చూస్తా ఉండావు గదా, చెప్పొచ్చు గదమ్మా."

"నువ్వు అడిగితివా?"

మీ ఇద్దరితో వేగడం నా వల్ల కాదు నాయనా. పళ్లు కొరుక్కుంటూ మళ్లీ ఎడమకు తిప్పబోయాను.

"వద్దులే," అంది అమ్మ. "ఆ కుర్చీలో కూర్చొని వినేదెవురు ఇప్పుడు. ఈపక్కకే తిప్పు."

తిప్పాను నాయనా, నీ పక్క బాక్సు ఆగిపోయేదాకా.