కారులో ఫోను పెట్టే ముందు

మన కసోండే వాళ్ళ నాన్నా,

మా పిన్ని కూతురికి పెళ్ళికి ముందు ఆడవాళ్ళంతా కలిసి చేసే కిచెన్ పార్టీకి వెళ్తున్నాను. మగవాళ్ళని లోపలికి రానివ్వరు కాబట్టి ఐదింటికి గేటు దగ్గరికి కారు తెచ్చి హారన్ కొట్టండి.

కరెంటు ఎనిమిది దాకా రాదు. ఫోను కారులోనే చార్జింగ్ పెట్టుకోండి. కానీ ఇంజిన్ ఆన్‌లో ఉంచి, మీదొక్కటే. వీధిలోవాళ్ళవి వద్దు. పోయిన ఆదివారం ఇంజిన్ ఆపేసి, పదకొండు ఫోన్లు పెట్టి, పైగా రేడియోలో ఫుట్‌బాల్ విన్నారు. బ్యాటరీ చచ్చింది. చర్చి బట్టల్లో కారు తోసింది నేను. స్టీరింగ్ ముందు కూర్చుని "ఇంకాస్త గట్టిగా తొయ్యవే!" అన్నది మీరు. పాస్టరమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది.

ఇవాళ పెళ్ళికూతురికి మొగుడితో ఎలా వేగాలో చెప్పే వంతు నాది, సరిగ్గా ఐదింటికి. హారన్ వినబడితే లేచి వచ్చేస్తాను, వినబడకపోతే మీ పేరుతోనే మొదలుపెడతాను.

కంపాంబ

అన్నట్టు, కారు చార్జర్ కోసం ఇల్లంతా వెతక్కండి. మీ చెయ్యి ఎప్పుడూ పడని చోట దాచాను. వంటింట్లో ఎంగిలి గిన్నెల గుట్ట కింద, మూత పెట్టిన డబ్బాలో ఉంది. సబ్బు పక్కనే పెట్టాను.