కీపర్ నోట్లో అండీ

ఆదివారం, రేపల్లె

ఇవాళ బాపట్లలో ఓడిపోయాం. ఆ గోలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

మా కీపర్ సుధాకర్ ఎగిరి బంతి అందుకోవడంలో వంక పెట్టలేం. వాడి ముందు డిఫెండర్‌గా ఆడేది వాడి సొంత బాబాయి కోటేశ్వరరావు. కార్నర్ నుంచి బంతి వస్తుంటే ఆ బాబాయి వెనక అవతలి జట్టువాడు ఒంటరిగా నిలబడ్డాడు. సుధాకర్ చూశాడు. చూసి ఏమన్నాడు? "బాబాయ్ గారూ, మీ వెనక మనిషున్నాడండీ, కొంచెం చూస్తారా?" ఆ మాట పూర్తయ్యేసరికి బంతి వలలో ఉంది.

కోచ్‌ని కదా, వాడు నిన్ను గట్టిగా అరిచి చెప్తే తప్పేంటని తిరుగు బస్సులో కోటేశ్వరరావుని నిలదీశాను.

"మా అన్న కొడుకు నలుగురిలో నన్ను కేకలేస్తే నా పరువేం కావాలండి? వాడు అరవాల్సిందేనంటే తెనాలి మ్యాచ్‌కి కీపర్ని మార్చండి" అన్నాడు.

గాడిద! గోలు పడితే నిలిచిందా ఆ పరువు?

బస్సు దిగగానే అందరినీ గ్రౌండుకి తోలుకుపోయాను. బాబాయి చోట నేనే నిలబడి, "నన్ను అదిలించరా" అన్నాను సుధాకర్‌తో.

"కోచ్ తాతగారూ, మీరు పెద్దవారండి..."

"అయితే తెనాలికి రాకు. ఇంట్లో కూర్చో."

కార్నర్ నుంచి బంతి లేచింది. వాడు గొంతు చించుకుని అరిచాడు: "ఒరేయ్ ముసలోడా, ఎడమకి జరగరా!"

మా నాన్న పోయాక నన్ను ఒరేయ్ అన్నవాడు లేడు. చెంప పగలగొడదామని చెయ్యి లేచింది. కాళ్లు మాత్రం ఎడమకి జరిగాయి. బంతి నా రొమ్ముకి తగిలి బయటికి పోయింది.

అందరూ నవ్వారు, కోటేశ్వరరావు తప్ప. తెనాలిలో ఆ చోట నిలబడేది అతనే. ఆ 'ఒరేయ్' నాకే ఇంకా మింగుడుపడలేదు. అతని చేత ఎట్లా మింగించాలో...