అన్నయ్య ఎంచిన టైర్లు

నవంబరు 9

అన్నయ్యతో టైర్ల షాపుకి వెళ్లాను. రెండు లారీలూ అన్నయ్యవే. ఒకటి తనే నడుపుతాడు, అది టౌన్ దాటదు. రెండోదాన్ని మా ఆయన కొండ మీది మిల్లు నుంచి కలప లోడుతో దింపుతారు. చలికాలపు వానలు మొదలయ్యాయని రెండింటికీ టైర్లు మార్పించాలి.

షాపతను రెండు రకాలు చూపించాడు. లోతు గాడులున్న మెత్తని రబ్బరువి చలిలో, తడిలో గ్రిప్ ఇస్తాయట. గట్టివి పొడి రోడ్డుకట, ఎంతకీ అరగవట. కొండ ఎక్కే బండికి మెత్తనివే వేయించండి అని విడిగా చెప్పాడు కూడా.

అన్నయ్య మెత్తనివి తన బండికి వేయించుకున్నాడు. గట్టివి మాకు.

ఎందుకని అడిగితే, మీ ఆయన ఊరికే బ్రేకు తొక్కుతాడు, మెత్తనివిస్తే ఈ సీజన్‌కే అరగదీసి పెడతాడు అన్నాడు. షాపులో అందరూ నవ్వారు. నేను పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను.

నవంబరు 10

ఈయనకు చెప్పాను. చొక్కా గుండీలు పెట్టుకుంటూ విన్నారు. బావని ఏం అడుగుతాం అన్నారు. అడగడానికి నోరు రాదు. వానలో ఆ టైర్లతో కొండ దిగడానికి మాత్రం భయం లేదు.

నవంబరు 13

వాన.

నవంబరు 14

నిన్న మలుపులో బండి జారిందట. మిల్లు వాచ్‌మన్ చెబితే తెలిసింది. లోయ అంచున ఉన్న బండరాయికి తగిలి నిలిచిందట. ఈయన్ని నిలదీశాను.

"ఆగింది కదా" అన్నారు.

చేతిలో గిన్నె నేలకేసి కొట్టాను. సొట్ట పడింది. ఈయన దాన్ని తీసి, కడిగి, బోర్లించారు. అది చూసి ఇంకా మండింది.

నవంబరు 15, ఉదయం

ఈయన స్నానానికి వెళ్లగానే లారీ తాళం తీసుకుని అన్నయ్య ఇంటికి వెళ్లాను. టీ తాగుతున్నాడు. తాళం బల్ల మీద పెట్టాను.

"ఇవాళ కొండ మీదికి నువ్వెళ్లు అన్నయ్యా. టైర్లు మంచివే కదా."

ఏం టైర్లు అని వదిన అడిగింది. పాపం, తనకేమీ తెలియదు. అన్నయ్య ముఖం ఎర్రబడింది. ఆ డ్రైవరు కంటే నేనేం తీసిపోయానా అని తాళం లాక్కుని వెళ్లాడు. చిన్నప్పటి నుంచీ అదే పంతం.

మధ్యాహ్నం

వాన పెరిగింది. వదిన ఫోన్ మీద ఫోన్. ఆ టైర్ల సంగతేంటో నిజం చెప్పమంది. షాపులో జరిగిందంతా చెప్పాను. ఫోన్ పెట్టేసింది. ఈయన నాతో మాట్లాడటం మానేశారు. మానేస్తే మానేయనీ. అన్నయ్యకేమైనా అయితే అని భయం. దానికీ వాడి మీదే కోపం వస్తోంది.

ఉండబట్టలేక వదిన దగ్గరికి బయల్దేరుతున్నాను.

సాయంత్రం

వచ్చాడు. లారీ దిగి డోరు పట్టుకునే నిలబడ్డాడు. వదిన వానలోనే ఎదురెళ్లి, వీధిలో అందరి ముందూ, చెంప మీద ఒక్కటి వేసింది.

నేను ఆపలేదు.