నీ తలుపుకు గీత పడలేదు, అత్తా

అత్తా, ఎట్లా ఉన్నావు?

నువ్వు పోయి పది నెలలైంది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం... నిజం చెప్పాలంటే, నువ్వున్నప్పటికంటే బాగానే ఉన్నాం.

వంటింట్లో గట్టు కింద అల్మారాకి డ్రాయర్లు పెట్టించాను. అవును, నువ్వు బతికున్నన్నాళ్ళూ పెట్టనివ్వని డ్రాయర్లే. తలుపు తెరిచి లాగితే వెనకాల మూలనున్న గిన్నెలు కూడా ముందుకొచ్చేస్తాయి. మోకాళ్ళ మీద కూర్చుని, తల లోపల పెట్టి తడుముకునే పని లేదు. తిరుమల కొండకు నడిచిపోయేవాళ్ళు మోకాళ్ళ పర్వతం ఒక్కసారి ఎక్కి మొక్కు తీర్చుకుంటారు. నేను నీ వంటింట్లో రోజూ ఎక్కాను.

ఎప్పుడడిగినా ఒకటే మాట. "డ్రాయర్లు పెడితే మీ మామ చేయించిన టేకు తలుపులు గీసుకపోతాయి. వంగితే నీ నడుమేం ఇరిగిపోదులే." నా మోకాలు వాచిన రోజు కూడా అదే అన్నావు. తలుపుల మీదున్న జాలిలో పిసరంత నా మీద ఉంటే ఏం పోయేది?

నీ కొడుకు నీకు తగ్గవాడే. తలుపు మీద ఒక్క గీత పడినా డ్రాయర్లు పీకించేస్తానన్నాడు. సరేనన్నాను.

రేణిగుంట నుంచి వడ్రంగి ఆచారిని పిలిపించాను. ముందు తలుపులు ఉండగానే, అల్మారా వెడల్పుకు సరిపోయే అట్టపెట్టె ఒకటి పెట్టి లాగి చూశాం. పక్కన గోడ ఉంది కదా, తలుపు సగమే తెరుచుకుంటుంది. పెట్టె దాన్ని రాసుకుంటూ వచ్చింది. అందుకని లోపల రెండు పక్కలా చెక్క పట్టీలు బిగించి, డ్రాయర్ జారే ఛానల్ వాటి మీద పెట్టి, డ్రాయర్‌ను ఆ మేరకు సన్నం చేస్తానన్నాడు.

పని అయ్యేదాకా తలుపులు ఊడదీసి, దుప్పటి చుట్టి, నీ మంచం మీద పడుకోబెట్టాను. నీకు చేసినంత సేవ చేశాను వాటికి. అవి తిట్టలేదు, అదొక్కటే తేడా.

పట్టీ బిగించడానికి లోపలికి దూరిన ఆచారి, వెనకాల మూల నుంచి ఒక మూట తీసి నా చేతిలో పెట్టాడు. విప్పితే, నీ వెండి చెంబు.

గుర్తుందా? నీ పుట్టింటివాళ్ళు పెట్టిన చెంబు. మా పాప పుట్టకముందు కనబడకుండా పోయింది. "యాడికి పోతాది? ఆ రమణమ్మ ఇంటికి చేరుంటాది" అని నీ అక్కచెల్లెళ్ళందరి ముందరా మా అమ్మ పేరు పెట్టి అన్నావు. మా అమ్మ మళ్ళీ ఈ గడప తొక్కలేదు. మనవరాలి చెవులు కుట్టించిన రోజు కూడా రాలేదు. ఆ మాట మోసుకునే పోయింది.

పోనీ, పెట్టి మరిచిపోయావేమో అనుకుందామంటే... మూట కట్టిన గుడ్డ నీ చిలకపచ్చ చీర ముక్క. పాప చెవులు కుట్టించినప్పుడు నేను పెట్టిన చీర. అంటే చెంబు నీకు దొరికింది. దొరికాక, నేను పెట్టిన చీరే చించి చుట్టి, నా చెయ్యి అందనంత లోపలికి తోశావు. డ్రాయర్లు ఎందుకు వద్దన్నావో అప్పుడు తెలిసింది.

ఎందుకత్తా? 'దొరికిందిలే' అని ఒక్క మాట అంటే నోరు పడిపోయేదా...

నీ కొడుక్కి చూపించాను. పోయినవాళ్ళ మీద ఇంకేం పంతం అన్నాడు. తర్వాత వంగి, మళ్ళీ బిగించిన తలుపులను వేలితో తడిమి చూసుకున్నాడు. గీత లేదు. ఎంత ఊరట పడ్డాడో.

చెంబును విభూతితో తోమాను. తళతళలాడుతోంది. పై డ్రాయర్లో అన్నిటికంటే ముందు పెట్టాను.

ఇంకో రెండు నెలల్లో నీ సంవత్సరీకం. నీ అక్కచెల్లెళ్ళందరినీ పిలుస్తాను. మినప్పప్పు రుబ్బి నీకిష్టమైన ఉద్దివడలు, పాయసం అన్నీ చేసి ఆకు వేస్తాను. ఏ లోటూ చెయ్యను. అందరూ చూస్తుండగా డ్రాయర్ లాగి, ఆకు పక్కన నీకు నీళ్ళు ఆ చెంబుతోనే పెడతాను.

వచ్చి తాగిపో.

ఇట్లు,
రమణమ్మ కూతురు